చేతికందిన పువ్వు

సుంకన్నకు భయం. దేనికి భయమయ్యా అంటే చెప్పలేడు. అన్నిటికీ భయమే.

డోన్‌లో పాత బస్టాండు వెనక ఆయనకు టైలరు కొట్టు ఉండేది. పనిమంతుడే. ఆయన కుట్టిన చొక్కా ఒంటికి అతికినట్టు ఉంటుందని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే ప్రాణం మీదికొచ్చేది. కొలిచేవాడు, సుద్దతో గీసేవాడు, చెరిపేవాడు, మళ్లీ టేపు తీసేవాడు. కోసింది కోసిందే కదా, తప్పితే మళ్లీ అతకదు కదా అని ఆయన బాధ. ఆయన కొలతలు తెమిలేలోపు ఉగాది పోయి శ్రీరామనవమి వచ్చేది. ఒక పెళ్లికొడుకు చొక్కా పెళ్లయిన మూడో దినం అందిందని ఊళ్లో నవ్వులాట. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆయనకు మాత్రం ఆ వారమంతా అన్నం దిగలేదు.

సొంత పెళ్లి సంగతీ అంతే. పిల్లను రెండుసార్లు చూసొచ్చి, ఎందుకైనా మంచిది ఇంకోసారి చూద్దామనుకునేలోపు ఆ పిల్లకు వేరే చోట లగ్గం అయిపోయింది.

నలభై రెండో ఏట ఒకరోజు కొట్టుకు తాళం వేశాడు. తాళం పడిందో లేదో మూడుసార్లు లాగి చూశాడు. కత్తెరను పాత గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని ఎర్రమల కొండల కింద ఉన్న ఈరన్న తాత మఠానికి వెళ్లిపోయాడు.

మఠమంటే పెద్దగా ఊహించుకోకండి. గడ్డ మీద రెండు రాతి గదులు, ఒక వంటకొట్టం, ఒక బావి, ఈరన్న తాత సమాధి, దాని ముందు ఒక నందివర్ధనం చెట్టు. అంతే. తాత పోయాక ఆయన శిష్యురాలు ఓబుళమ్మవ్వ అక్కడ ఉంటోంది. చిన్నప్పుడు గొర్రెలు కాసిన మనిషి. అప్పటికే డెబ్బై ఐదు దాటింది, నడుం వంగింది, నోట్లో నాలుగు పళ్లు మిగిలాయి.

సుంకన్న కత్తెరను ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. ఇంక జన్మలో దేన్నీ కొయ్యనని చెప్పాడు. తర్వాత అసలు మాట అడిగాడు.

"భయం పోయే దారి చెప్పు అవ్వా."

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సంగటి గెలకడం వచ్చునా నీకు?"

"వచ్చవ్వా."

"అయితే ఉండు. ఆ చెట్టును గూడా చూసుకో."

కత్తెర తీసుకుని లోపలికి పోయింది. భయం సంగతి ఆ తర్వాత నాలుగేళ్లు ఎత్తలేదు.

చెట్టు అని అందరూ అంటారు గానీ నిజానికి అది పొదే. మొదట్లోనే తొమ్మిది కొమ్మలుగా చీలి, చుట్టూ గొడుగు పట్టినట్టు పెరిగింది. ఈరన్న తాత చేత్తో నాటింది. ముద్ద పూలు, తెల్లగా, చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంటాయి. కొండ కింది పల్లెల్లో కళ్లు మండితే ఆ పువ్వు కళ్ల మీద వేసుకుని పడుకుంటారు. ఏడాది పొడుగునా ఏదో ఒక కొమ్మ పూస్తూనే ఉంటుంది.

ఆ మఠంలో ఒక కట్టడి ఉంది. సమాధి మీద పెట్టే పువ్వును ఎవరికి వాళ్లే కోసుకోవాలి. నేల మీద నిలబడి కోయాలి. పీట వేసుకోకూడదు, దోటి పట్టకూడదు, కొమ్మ వంచకూడదు. చేతికందితే పువ్వు, అందకపోతే దండం. ఒకరు కోసింది ఇంకొకరు పెట్టడమూ లేదు. తాత బతికున్నప్పుడు పెట్టిన కట్టడి. ఎందుకు పెట్టాడో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

సుంకన్న మాత్రం ఏనాడూ పువ్వు కోయలేదు. తుంచినచోట తెల్లగా పాలు కారతాయి, ఆ పాలు చూస్తే ఆయనకు కోసింది కోసిందే కదా అనిపించేది. దండంతోనే సరిపెట్టుకునేవాడు.

అవ్వ మాత్రం రోజూ తెల్లవారగానే గది తలుపు తీసుకుని వచ్చేది. చెట్టు కింద నిలబడి చెయ్యి చాపి ఒక్క పువ్వు కోసేది. సమాధి మీద పెట్టి, రాతి మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉండేది. తర్వాత వంటకొట్టం వైపు తిరిగి సంగటి ఉడికిందా అని అడిగేది. ఎండైనా వానైనా అంతే.

ఒకసారి పత్తికొండ వైపు నుంచి వచ్చిన భక్తులెవరో, ఈ వయసులో ఇంకెన్నాళ్లు చేస్తావవ్వా ఈ సేవ అని అడిగారు. అవ్వ నవ్వింది.

"పువ్వు చేతికందినన్ని దినాలు," అంది.

వాళ్లూ నవ్వారు. వంటకొట్టంలో సంగటి గెలుకుతున్న సుంకన్న మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలో తెడ్డు ఆగిపోయింది. చేతికందినన్ని దినాలంటే? అందని రోజున? ఆ మాట ఆయన గుండెలో మేకులా దిగబడింది.

ఆ రోజు నుంచి ఆయన చెట్టును చూసే చూపు మారింది. చెట్టు ఏటేటా జానెడు పైకి పోతోంది. పూలన్నీ నెత్తి మీదికెక్కాయి, కింద కొమ్మలు బోడిగా తయారయ్యాయి. అవ్వ ఏటేటా బెత్తెడు కిందికి వంగుతోంది. టైలరు కదా, కంటితోనే కొలిచేస్తాడు. పైకి పోయేదీ కిందికి వచ్చేదీ కలవని రోజు ఎంతో దూరంలో లేదని ఆయనకు తెలిసిపోయింది.

కొండ కింద మద్దిలేటి అనే రైతుకు చీనీ తోట ఉంది. నెలకోసారి మఠానికి వచ్చి పోతుంటాడు. చెట్ల సంగతి తెలిసినవాడు కదా అని సుంకన్న ఆయన్ని అడిగాడు. మద్దిలేటి చుట్టూ తిరిగి చూసి, దీనికంత ఆలోచనేముందన్నాడు. మాఘమాసంలో మోకాలెత్తుకు కోసెయ్యమన్నాడు. నందివర్ధనం మొండిది, కోసేకొద్దీ కింది నుంచి గుబురుగా లేస్తుంది, పూలు చంటిబిడ్డలకు గూడా అందుతాయని చెప్పాడు.

కోశాక మళ్లీ ఎన్నాళ్లకు పూస్తుందని అడిగాడు సుంకన్న.

"మూడు నెలలు. నాలుగనుకో."

సుంకన్న వేళ్ల మీద లెక్కేశాడు. నాలుగు నెలలు చెట్టు మీద పువ్వుండదు. నాలుగు నెలలు అవ్వ చేతికి పువ్వందదు. నాలుగు నెలలు కాదు, నాలుగు దినాలైనా అవ్వ ఉంటుందా? కోస్తే అవ్వ పోతుంది. కోయకపోతే పువ్వు అందక పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి.

అవ్వకు గూడా చెట్టు సంగతి తెలియకపోలేదు. మాఘం వచ్చినప్పుడల్లా, కొమ్మలు కొయ్యి నాయనా అనేది. సుంకన్న సరేనని తల ఊపి, మొహం పక్కకు తిప్పుకుని, గోటితో రెండు చిగుళ్లు గిల్లి వచ్చేవాడు. అవ్వ ఆ చిగుళ్లను చూసి, ఇవి నువ్వు కోసినవా, మేక కొరికినవా అని నవ్వేది. అంతకు మించి ఒత్తిడి చేసేది కాదు. ఆ నవ్వు చూసి సుంకన్న ఇంకొక ఏడాది గడిచిందనుకునేవాడు.

నాలుగో ఏడు ఆషాఢంలో ఆ పొద్దు వచ్చింది.

తెల్లవారుజామున సన్నగా తుంపర పడుతోంది. అవ్వ చెట్టు కింద నిలబడి చెయ్యి చాపింది. అందలేదు. కాస్త జరిగి ఇంకో కొమ్మ కింద నిలబడింది. అందలేదు. మడమలెత్తింది. ముసలి ఒళ్లు అటూ ఇటూ ఊగింది. సుంకన్న వంటకొట్టం గడపలో నిలబడి చూస్తున్నాడు. చివరికి రెండు వేళ్ల కొసలకు ఒక పువ్వు చిక్కింది. తొడిమ తెగింది, రెండు రేకలు రాలి ఆమె జుట్టులో పడ్డాయి. మిగిలిన పువ్వును తీసుకుని అవ్వ సమాధి దగ్గరికి నడిచింది.

సుంకన్న పొయ్యి దగ్గర కూలబడ్డాడు. ఈరోజు గడిచింది. రేపు?

భయం ఉన్నవాడికి తెలివి ఎక్కడి నుంచి వస్తుందో గానీ, వస్తుంది. పీట వద్దన్నారు. దోటి వద్దన్నారు. కొమ్మ వంచొద్దన్నారు. మట్టి వద్దని ఎవరూ అనలేదు. మట్టి అంటే నేలే కదా! పువ్వు కిందికి రాకపోతే నేలను పైకి లేపితే సరి.

ఆ దినమే కొండ కింది కుంటలో నుంచి తట్టలతో మన్ను మోశాడు. చెట్టు మొదలు చుట్టూ పోశాడు. కాళ్లతో తొక్కాడు. అవ్వ జారకుండా ఏటవాలుగా తీశాడు, పైన పేడతో అలికాడు. ముప్పై తట్టలో, నలభై తట్టలో పట్టింది. నడుం విరిగిపోతున్నా ఆయనకు అలుపు తెలియలేదు.

మర్నాడు అవ్వ వచ్చి ఆ దిబ్బను చూసింది. కాలి బొటనవేలితో మట్టిని ఒకసారి నొక్కింది. తర్వాత ఎక్కింది, పువ్వు కోసుకుంది, దిగింది. సంగటి ఉడికిందా అని ఎప్పటిలాగే అడిగింది. సుంకన్నకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోజు రెండు ముద్దలు తిన్నాడు.

కానీ చెట్టు ఊరుకుంటుందా? వానలు బాగా పడ్డ ఏడు. అది ఇంకా పైకి పోయింది. వినాయకచవితికి సుంకన్న దిబ్బను మోకాలెత్తు చేశాడు. దసరాకు తొడ ఎత్తయింది. తొమ్మిది కొమ్మల మొదళ్లూ మట్టిలో కూరుకుపోయాయి. దూరం నుంచి చూస్తే దిబ్బ మీద పొట్టి చెట్టు మొలిచినట్టు కనిపించేది. ఎవరైనా ఇదేమని అడిగితే, అవ్వకు ఎత్తు చాలక అని చెప్పేవాడు. పాపం, అందులో ఆయనకు కొంచెం గర్వం గూడా ఉండేది.

కార్తీకంలో ఒక ఆకు పసుపు పచ్చగా మారింది.

సుంకన్న దాన్ని తుంచి పంచె మడతలో దాచేశాడు. ఆకన్నాక పండుతుంది, దానికేముందని తనకు తనే చెప్పుకున్నాడు. వారానికి పది ఆకులు పండాయి. దాహమేమోనని నీళ్లు పోశాడు. బలం చాలలేదేమోనని పేడనీళ్లు పోశాడు. ఎందుకైనా మంచిదని రెండూ పోశాడు. పుష్యం వచ్చేసరికి ఆకు నిలవడం లేదు. మొగ్గలు విచ్చకముందే నల్లబడి రాలుతున్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మొగ్గల్ని లెక్కపెట్టేవాడు. పదిహేడు. పదకొండు. ఆరు. మధ్యలో వంటకొట్టంలోకి పరిగెత్తి పొయ్యి ఆర్పానో లేదో చూసుకునేవాడు, బావి గిలక కట్టు వదులైందేమోనని చూసేవాడు, మళ్లీ వచ్చి లెక్కపెట్టేవాడు. తిండి సగమైంది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు.

మాఘంలో ఒక పొద్దున అవ్వ పువ్వు కోసుకుని వెళ్లాక లెక్కపెడితే చెట్టు మీద మూడు మొగ్గలున్నాయి. అందులో రెండు అప్పటికే నలుపు తిరిగాయి.

ఇంక దాచలేకపోయాడు. వెళ్లి అవ్వ కాళ్ల ముందు కూర్చున్నాడు. చెట్టు చచ్చిపోతోందని చెప్పాడు. తను చేసిందంతా చెప్పాడు, అవ్వ కళ్లారా చూసిందే అయినా. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అవ్వ అంతా వింది. మోకాళ్ల మీద చేతులూని లేచి, వంటకొట్టంలోకి పోయి కొబ్బరిచిప్ప ఒకటి తెచ్చుకుంది. దిబ్బ పక్కన చతికిలబడి, చిప్పతో మట్టి తీసి పక్కన పోయడం మొదలుపెట్టింది.

ఒక చిప్ప. ఇంకొక చిప్ప.

సుంకన్న చూడలేకపోయాడు. పార తెస్తానన్నాడు. మొదలుకు తగులుతాది, వద్దంది అవ్వ. నేను తీస్తాను నువ్వు లే అన్నాడు. రెండో చిప్ప లోపలుంది, తెచ్చుకో అంది.

ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని తవ్వారు. నలభై తట్టలూ, ఆ తర్వాత పోసిన తట్టలూ, చిప్పల లెక్కన వెనక్కి తీశారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పై మట్టి పొడిగా ఉంది గానీ లోపలికి పోయేకొద్దీ చిత్తడి. మురుగు వాసన. చివరికి మొదళ్లు బయటపడ్డాయి. బెరడు నల్లగా, నానబెట్టిన అట్టలా ఉంది. సుంకన్న వేలు పెడితే వేలికి ఊడి వచ్చింది.

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అవ్వ బతకాలని తనే మోసిన మట్టి. తనే తొక్కిన మట్టి. పేడతో అలికి మరీ పూడ్చాడు.

అవ్వ ఒక్కొక్క కొమ్మనూ బొటనవేలి గోటితో గీకి చూసింది. కొన్నింట్లో లోపల గూడా మట్టి రంగే. ఒకచోట గీకి ఆగింది. సుంకన్న చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. బెరడు కింద సన్నగా, తడిగా, ఆకుపచ్చ.

తర్వాత గదిలోకి పోయి ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పింది. సుంకన్న కత్తెర. నాలుగేళ్ల కిందట ఆమె కాళ్ల దగ్గర పడేసిందే. ఎక్కడా తుప్పు చుక్క లేదు. ఆముదం వాసన వేస్తోంది. ఏడాదికి ఎన్నిసార్లు తుడిచి నూనె రాసిందో ఏమో.

"సన్నవాటికి ఇది. లావువాటికి మద్దిలేటి కాడ రంపం తెచ్చుకో," అంది.

సుంకన్న రంపమైతే తెచ్చాడు. తెచ్చి చెట్టు ముందు నిలబడ్డాడు. టేపు లేదు గనక జానతో కొలిచాడు. మొదటి కొమ్మను మోకాలెత్తు దగ్గర గోటితో గుర్తు పెట్టాడు. రెండో కొమ్మ దగ్గరికి పోయి మళ్లీ మొదటి దాని దగ్గరికి వచ్చాడు. కొలిచాడు. గుర్తు ఒక వేలు పైకి జరిపాడు. మళ్లీ కిందికి జరిపాడు. అవ్వ సమాధి అరుగు మీద కూర్చుని చూస్తోంది, తొందరేమీ లేనట్టు. ఎండ వాలుతోంది.

చివరికి ఆయన ఇన్నేళ్లుగా లోపల దాచుకున్న మాట బయటికొచ్చింది.

"కోస్తే నాలుగు నెలలు పువ్వుండదు అవ్వా. పువ్వు చేతికందకపోతే నువ్వుండనంటివే!"

అవ్వ కనుబొమలెత్తింది. "నేనా? ఎప్పుడన్నాను?"

పత్తికొండ వాళ్లు వచ్చిన రోజు, వాళ్లడిగిన మాట, ఆమె చెప్పిన జవాబు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అవ్వ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. అన్నానేమోలే అని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. సుంకన్నకు ఏడవాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట మీద నిద్ర మానుకున్నాడు మనిషి.

దగ్గు తగ్గాక అవ్వ లేచి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన చేతిలోని కత్తెరను చూసింది, గోటి గుర్తుల్ని చూసింది.

"గుడ్డ గాదు నాయనా ఇది. మళ్లా మొలుస్తాది."

అని తన గదిలోకి పోయింది. చూస్తూ గూడా కూర్చోలేదు.

సుంకన్న కోశాడు. మొదటి కొమ్మకు కళ్లు మూసుకున్నాడు. రెండోదానికి సగం తెరిచాడు. కోసినచోటల్లా పాలు బొట్లుబొట్లుగా కారి మట్టిలో పడ్డాయి. ఆయన చేతుల మీద పడి జిగురుగా ఎండాయి. చీకటి పడకముందే తాత నాటిన చెట్టు ఉన్నచోట మోకాలెత్తు మోడులు తొమ్మిది మిగిలాయి. వాటి వెనక సమాధి బోసిగా, నాలుగేళ్లలో ఎప్పుడూ కనిపించనంత దగ్గరగా కనిపించింది.

మర్నాడు తెల్లవారకముందే ఆయన వంటకొట్టం గడపలో నిలబడ్డాడు. అవ్వ గది తలుపు వైపే చూస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. అవ్వ బయటికి వచ్చి, రోజూ నిలబడే చోటే నిలబడింది. అక్కడ ఏమీ లేదు. రోజూ చాపినట్టే చెయ్యి పైకి చాపింది. ఉట్టి గాలిలోకి. వేళ్లు ముడిచింది. అలాగే సమాధి దగ్గరికి నడిచి, రాతి మీద ఆ చెయ్యి పెట్టి, విప్పింది. పువ్వు పెట్టిన రోజు ఎంతసేపు ఉండేదో అంతసేపే ఉంది.

వెనక్కి తిరిగి సంగటి ఉడికిందా అని అడిగింది.

ఆ రోజు మొదలు రోజూ అంతే. సుంకన్న మొదట్లో దినాలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, ఎనిమిది. తలుపు తెరుచుకునేదాకా ఒకచోట నిలిచేవాడు కాదు. పొయ్యి దగ్గర ఎసరు పెట్టి ఒకసారి, రాగిపిండి పోసి ఒకసారి, మంట తగ్గించి ఒకసారి గడపలోకి వచ్చి చూసేవాడు. తలుపు తెరుచుకునేది. ఖాళీ చెయ్యి పైకి లేచేది. తొమ్మిది మోడులకూ కుదురు వదిలి దూరంగా, కొలిచినట్టు కడవెడు నీళ్లే పోసేవాడు. ఇంకొంచెం పోద్దామని చెయ్యి లాగేది. పోసేవాడు కాదు. ఎప్పుడో ముప్పై దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదామనుకున్నాడు గానీ కుదరలేదు.

ఉగాది ముందు ఒక మోడు పక్కన గోరంత చిగురు కనిపించింది. తర్వాత ఇంకో మోడుకు. తొమ్మిదింట్లో ఐదు చిగిర్చాయి. నాలుగు చిగిర్చలేదు. ఆ నాలుగింటి ముందు సుంకన్న రోజూ ఒక్క క్షణం ఆగేవాడు. మద్దిలేటి వచ్చి, ఎండిపోయినవి మొదలంటా కోసేస్తే మిగిలినవాటికి చోటొస్తుందన్నాడు. మర్నాడు సుంకన్నే రంపం తీసుకుని కోసేశాడు. కొలవలేదు.

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం మొగ్గ ఒకటి తెల్లబడింది. మోకాలికంటే కాస్త పైన, లేత కొమ్మ కొసన. రేపటికి విచ్చుతుంది.

తెల్లవారేసరికి విచ్చింది. సుంకన్న పొయ్యి వెలిగించి, ఎసరు మరిగాక పిండి పోసి, గడపలోకి వచ్చాడు. అవ్వ తలుపు మూసి ఉంది. కొండ మీద వెలుగు వచ్చింది. తలుపు మూసే ఉంది. మఠం గోడ మీద ఎండ పడింది. అవ్వ ఏనాడూ ఇంత ఆలస్యం చేసింది లేదు. పువ్వు పూసిన రోజే! ఇన్నాళ్లు ఖాళీ చేత్తో వచ్చిన మనిషి, పువ్వు పూసిన రోజే రాలేదు. పరిగెత్తి తలుపు తట్టాలని ఒక అడుగు వేశాడు. ఎందుకో గాని అక్కడే ఆగాడు. చెట్టు పక్కన నిలబడి ఎదురుచూశాడు.

తలుపు తెరుచుకుంది. మోకాలు పట్టేసిందట. గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది అవ్వ. వచ్చి చెట్టు ముందు నిలబడింది. వంగిన నడుంతో ఆమె చెయ్యి కిందికి వేలాడుతుంటే పువ్వు ఆ వేళ్లకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి ఎత్తే పని గూడా లేదు.

అవ్వ పువ్వును చూసింది. చూసి, రోజూలాగే ఖాళీ చెయ్యి పైకి చాపి, ముడిచి, సమాధి వైపు నడవబోయింది.

"అవ్వా," అన్నాడు సుంకన్న. "పువ్వు పూసింది. చేతికందేట్టే ఉండాది."

అవ్వ తిరిగి చూసింది.

"నీ చేతికి అందలేదా?"

వెళ్లి రాతి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

సుంకన్న పొడుగు మనిషి. ఆ పువ్వు కోసం మోకాళ్ల మీదికి దిగాల్సి వచ్చింది. తొడిమ దగ్గర గోరు పెట్టి తుంచాడు. పాల చుక్క ఒకటి వేలి మీదికి జారింది, చల్లగా. దాన్ని తుడుచుకోలేదు. పువ్వును అరచేతిలో పెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లాడు. అవ్వ రాతి మీది నుంచి చెయ్యి తీసి, పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన పువ్వు పెట్టి, అరచెయ్యి రాతి మీద ఆనించాడు. రాయి అప్పటికే ఎండకు వెచ్చబడుతోంది. ఎంతసేపు ఉన్నాడో ఆయనకు తెలియదు.

అవ్వ ముక్కు ఎగబీల్చింది.

"సుంకన్నా, మాడు వాసనొస్తాంది."

ఆయన తల తిప్పి వంటకొట్టం వైపు చూశాడు. గడపలో నుంచి పొగ బయటికి వస్తోంది. తాళాన్ని మూడుసార్లు లాగే మనిషి, పొయ్యిని మూడుసార్లు చూసుకునే మనిషి, సంగటి సంగతే మర్చిపోయాడు.

ఆ పొద్దు ఇద్దరూ మాడిన సంగటే తిన్నారు.